కరోడ్గిరి దగ్గర తెల్లచీర

మా పిల్లలు నమ్మరు. "ఏటికి ఇటొడ్డున కొన్న చీర అటొడ్డుకి తీసుకుపోతే సుంకమేందమ్మా, అదీ మన దేశమే గదా?" అంటారు. వాళ్ళకు ఊహ తెలిసేనాటికి ఆ సుంకం ఎత్తేశారు. సుంకపు పాక ఉన్న చోట ఒకాయన టీ కొట్టు పెట్టుకున్నాడు. అటు పోయినప్పుడల్లా నా పిల్లలు అక్కడ ఆగి జంతికలు కొనిపెట్టమని మారాం చేసేవాళ్ళు. నేను మాత్రం అక్కడ మిగిలిన ఆ పాత పాక గుంజ వైపు చూడలేక, ముసుగు సవరించుకునే వంకతో అటు తిరిగి నిలబడేదాన్ని.

మాది గురజాల పక్క పల్లె. మా నాన్న మిషను బడిలో పంతులు. ఊళ్ళో పిల్లలందరికీ బళ్ళో చెప్పేవాడు గానీ నాకు ఇంట్లోనే చెప్పాడు. పెద్దదాన్ని కాబట్టి చెల్లెళ్ళను ఎత్తుకోవడానికి అమ్మకు నేను కావాలి. పొద్దుగూకే వేళ పొయ్యి దగ్గర కూచుని పెద్దక్షరాల బైబిలు మీద వేలు పెట్టి చదివించేవాడు. అలా వచ్చిన చదువే నాది. ఆ చదువు దొరికినందుకు ఇప్పటికీ రోజూ స్తోత్రం చెప్పుకుంటాను.

కృష్ణకు ఇవతల మేం. అవతల నైజాం ఇలాకా. నైజాం రాజ్యం ఇండియాలో కలిసిపోయింది, జెండా మారింది, అందరం మొదటిసారి ఓట్లు కూడా వేశాం. అయినా అవతలి రేవులో కరోడ్గిరి మాత్రం అలాగే ఉంది. ఇటునుంచి అటు పోయే సరుకు మీద సుంకం వసూలు చేసే చోటుకు ఆ పేరు. ఒక పాక, ఒక బల్ల, ఒక తక్కెడ, బల్ల వెనక ఒక నాకాదారు. వ్యాపారానికి తీసుకుపోయే సరుకైతే సుంకం కట్టాలి. సొంతానికి వాడుకునేదైతే అక్కర్లేదు. చెప్పడానికి ఇంతే. అయితే దేనికి ఎంత అన్నది మాత్రం ఎప్పుడూ నిలకడగా ఉండేది కాదు. బెల్లానికి తీసేశారట అనేవాళ్ళు. అది నమ్మి పోతే, మళ్ళీ వేశారు, కొత్త హుకుం వచ్చింది అనేవాడు నాకాదారు. రాజ్యం కలిసిపోయింది గనక ఇవ్వాళో రేపో అసలు సుంకమే తీసేస్తారని ఒక మాట. తీసేసేలోపు రాబట్టుకోవాలని గట్టిగా పిండుతున్నారని ఇంకో మాట. రేవుకు పోయేవాళ్ళు ముందు రోజు వచ్చినవాళ్ళను ఆపి, "ఇవ్వాళ దేనికుంది, దేనికి లేదు?" అని అడగడం, వానొచ్చేట్టుందా అని అడిగినంత మామూలు.

హుకుములు ఎన్ని మారినా జనం ఎరిగిన కిటుకు ఒకటే. కొత్తది పాతదిగా కనపడాలి. అందుకని మా వైపు రేవులో పడవ కోసం ఎదురుచూసే జనం చేసే పని చూస్తే నవ్వొచ్చేది. కొత్త ఇత్తడి బిందెకు అడుగున కంపమంట పెట్టి మసి పట్టించేవాళ్ళు. కొత్త చెప్పులు తొడుక్కుని నాపరాయి మీద పరపరా రాచేవాళ్ళు. డబ్బా నూనె మూత తీసి, ఒక చెంచాడు తలకు రాసుకుని, "వాడకంలో ఉంది" అనేవాళ్ళు. ఆడవాళ్ళు చీర మీద చీర కట్టుకుని, ఎండాకాలంలో కూడా కడవల్లా దొర్లుకుంటూ పడవెక్కేవాళ్ళు. పడవవాడు, "అక్కా, నిన్న ఇంత లావు లేవే! రాత్రికి రాత్రి ఏం తిన్నావు?" అని ఎగతాళి చేసేవాడు. "నీ పడవ మునగదులే, తొయ్యి" అని వాళ్ళు కసిరేవాళ్ళు. ఇవతలి ఒడ్డున కొత్తగా ఉన్నదల్లా అవతలి ఒడ్డుకు చేరేసరికి పాతబడిపోయేది.

మా నాన్న ఒక్కడే కొత్తదాన్ని కొత్తదని చెప్పి సుంకం కట్టేవాడు.

అందువల్ల ఆయనతో ఒకే పడవలో రావడానికి జనం జంకేవాళ్ళు. నాకు పదేళ్ళప్పుడనుకుంటా, అవతల ఉన్న మేనత్తను చూడటానికి నాన్నతో పోతున్నాను. మా వీధిలోనే ఉండే ఒకావిడ, నేను అత్తా అని పిలిచేదాన్ని, కూతురికని ఇత్తడి బిందె తీసుకుపోతోంది. మసి బాగానే పట్టించింది. నాకాదారుకు ఎందుకో అనుమానమొచ్చి, మా నాన్న వైపు తిరిగి, "పంతులూ, నువ్వు అబద్ధమాడవంట గదా. నువ్వు చెప్పు. ఈ బిందె పాతదేనా?" అన్నాడు. నాన్న కాసేపు నేల చూసి, "అది నా బిందె కాదయ్యా. నన్నడగొద్దు" అన్నాడు. అంతే. ఆ అనకపోవడంతోనే నాకాదారుకు తెలిసిపోయింది. ఆవిడ సుంకం కట్టింది. దారి పొడుగునా నాతో మాట్లాడలేదు. చివరికి బండెక్కేటప్పుడు, "మీ నాయన నోరు తెరవకుండానే కొంప ముంచుతాడే" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. నేను నాన్న చెయ్యి వదిలేసి, ఎవరి పిల్లనో అన్నట్టు వెనగ్గా నడిచాను.

నా పెళ్ళి ఆ అవతలి ఊళ్ళోనే కుదిరింది. పెళ్ళికొడుకు అక్కడి బళ్ళో పంతులు. మావాళ్ళలాగే ప్రార్థన గల కుటుంబం. పెళ్ళి వాళ్ళ గుళ్ళోనే అన్నారు. చీర మాత్రం మా వైపునుంచి పోవాలి.

మా నాన్న దానికోసం పెళ్ళికి ముందే ఒకసారి ఏరు దాటి వెళ్ళి, నాకాదారును అడిగొచ్చాడు. పెళ్ళిబట్టలకు సుంకముందా అని. సొంత పెళ్ళికైతే లేదు, వ్యాపారానికైతే ఉంది, ఈ కొత్త హుకుములో పట్టు మీద మరీ ఎక్కువైంది అని ఆయన చెప్పాడు. నాన్న ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే, "చూశావా, అడిగితే చెప్తారు. దాచాల్సిందేముంది?" అని అమ్మతో అన్నాడు. ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నాకాదారు కోసం కూడా స్తోత్రం చెప్పాడు. చెల్లెళ్ళు కిసుక్కున నవ్వారు.

చీర నరసరావుపేటలో కొన్నారు. తెల్లటి పట్టు, అంచున సన్నని జరీ గీత. మా సంఘంలో పెళ్ళికూతురికి తెల్లచీరే. బొట్టు పెట్టం. పసుపు పూయం. మా నాన్న పట్టింపు మనిషి గనక తలలో పూలు కూడా ఒప్పుకునేవాడు కాదు. ఊళ్ళో మిగతావాళ్ళు కొత్తబట్ట కట్టేముందు దాని చివర పసుపు అద్దుతారు. మా ఇంట్లో కొత్తబట్టను అమ్మ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకునేది. ప్రార్థన అయ్యాక దాన్ని రెండు చేతులతో ఎత్తి మాకిచ్చేది. నా తెల్లచీరకైతే సంఘం ఆడవాళ్ళంతా వచ్చి, ఒక్కొక్కరూ చెయ్యి వేసి ప్రార్థించారు. మిరపకోతల్లో మండిపోతున్న చేతులు కడుక్కుని, తుడుచుకుని, మరక పడుతుందేమోనని వేళ్ళ చివర్లతో ముట్టుకున్నారు. ఆ చేతులు తలచుకుంటే నాకు ఇప్పటికీ కళ్ళు చెమ్మగిల్లుతాయి.

పెళ్ళి ముందు రోజు పొద్దున రేవుకు చేరాం. నాన్న, అమ్మ, నేను. చుట్టాలు వెనకబండిలో వస్తున్నారు. చీర కొట్లో కట్టిచ్చిన కాగితంలోనే, మడత విప్పకుండా ఉంది. రేవులో మామూలు సందడి. మసి పట్టించేవాళ్ళు పట్టిస్తున్నారు, చెప్పులు రాచేవాళ్ళు రాచుతున్నారు. ఒక పెద్దావిడ, మా అమ్మ కంటే పెద్దది, ముఖాన రూపాయంత బొట్టు, అమ్మ పక్కన చేరి, "ఏమ్మా, మూటలో ఏంది? పెళ్ళిచీరా? మడత విప్పి పిల్ల ఒంటికి చుట్టరాదూ? పేచీ ఉండదు" అంది. ఆవిడ కూతురు బాలెంతంట. ఒంటికి రాయడానికని దంచిన పసుపు చిన్న గుడ్డమూటలో కట్టుకుని పోతోంది. అమ్మ, "మా ఆయన ఒప్పుకోడండీ" అంది. ఆ పెద్దావిడ నాన్న వైపు ఓసారి చూసి, "ఓహో, ఆ పంతులా!" అని మెల్లగా అని, నోరు మూసుకుంది. నాకు చెవులు వేడెక్కాయి.

అవతలి ఒడ్డున పాక ముందు వరస కట్టాం. మా వంతొచ్చింది.

"మూటలో ఏముంది?"

నాన్న నవ్వుముఖంతో, "పెళ్ళిబట్టలయ్యా. మా అమ్మాయివి. రేపే పెళ్ళి. ఆ రోజు మిమ్మల్నడిగి పోయింది నేనే" అన్నాడు.

"గుర్తుంది. విప్పండి."

అమ్మ కాగితం విప్పింది. ఎండలో ఆ తెలుపు చూసి వరసలో అందరూ మెడలు చాచారు. నాకాదారు ముసలాయన, హైదరాబాదు మనిషి, తెలుగు నిదానంగా ఏరుకుని మాట్లాడేవాడు. చీర అంచు రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు.

"ఇది పెళ్ళిచీరా?"

"అవునయ్యా."

"తెల్లది?"

"మేం తెల్లదే కడతామయ్యా."

ఆయన నాలుగు కొసలూ తిప్పి చూశాడు. "పసుపేది?"

నాన్నకు అర్థం కాలేదు.

"పెళ్ళిబట్టకు చివర పసుపు పెడతారు గదా పంతులూ. ఇన్నేళ్ళనుంచి చూస్తున్నా. పసుపుంటే ఇంటిది, లేకపోతే దుకాణంది. మాకున్న గుర్తు అదొక్కటే. ఇది చూడు, దుకాణం కాగితం, దుకాణం మడత. పసుపు లేదు."

"మేం పసుపు పెట్టమయ్యా. ప్రార్థన చేసుకుంటాం."

"ప్రార్థన చీర మీద కనపడదు గదా" అన్నాడాయన. వెటకారానికి అనలేదు. నిజంగానే ఇబ్బంది పడుతూ అన్నాడు. "నేను నమ్ముతా. పైనుంచి తనిఖీకి వచ్చే సాబు నమ్మాలి గదా. పట్టు మీద కొత్త హుకుం. సొంతం అని ఊరికే వదిలిపెడితే నా నౌకరీ పోతుంది. సరుకని ఒప్పుకుని సుంకం కట్టెయ్, పో. లేదంటే చీర ఇక్కడుంచు. సాబు వచ్చి చూసి వదులుతాడు."

"ఎప్పుడొస్తారు?"

"వచ్చినప్పుడు వస్తాడు."

నాన్న ముఖం వాడిపోయింది. అప్పోసొప్పో చేసి ఆ సుంకం కట్టగలిగేవాడే. ఆ మాటే నాకాదారుతో అన్నాడు కూడా. "కట్టడానికి బాధ లేదయ్యా. సరుకని ఎట్లా చెప్పమంటారు? నా బిడ్డ పెళ్ళిచీరను అమ్మకానికి తెచ్చానని నా నోటితో ఎట్లా అనమంటారు?"

వెనక వరసలోంచి కేకలు మొదలయ్యాయి. "ఒరేయ్, పంతులు ముందు నిలబడ్డాడురా, ఇక మనం రేపే!" "పంతులయ్యా, ఆ ఒక్క మాట అంటే నీ నాలుక అరిగిపోద్దా?" నేను అమ్మ వెనక దూరాను.

నాకాదారు తల పైకెత్తి చూశాడు. "పెళ్ళికూతురేది?"

అమ్మ పక్కకు జరిగింది. అందరి కళ్ళూ నా మీద పడ్డాయి. దుమ్ముకొట్టుకుపోతుందని పాత నీలం నూలుచీరలో ఉన్నాను. బోసి నుదురు. నూనె రాసి బిగించి దువ్విన జుట్టు, పువ్వు లేదు. ముఖాన, కాళ్ళకు ఎక్కడా పసుపు లేదు. నా వెనకెవరో ఆడమనిషి, నాకు వినపడదనుకుని, "అయ్యో, నేను మొగుడు పోయిన పిల్లేమో అనుకున్నానే" అంది. "తెల్లచీర కూడానూ" అంది ఇంకొకావిడ.

"అమ్మా, నువ్వేనా పెళ్ళికూతురివి?" అని నాకాదారు అడిగాడు.

నేనే అంటే సరిపోయేది. అబద్ధం కాదు, సుంకం కాదు, పసుపు కాదు. రెండక్షరాల నిజం. నా బోసి నుదురుతో, నా ఉన్న రూపంతో, పెళ్ళికూతుర్ని నేనే అని అంతమంది ముందు అనాలి. నోరు పెగల్లేదు. తల దించుకుని కాలి బొటనవేలు చూసుకుంటూ నిలబడ్డాను. అప్పట్లో బిందె దగ్గర నాన్న ఊరుకుంటే అబద్ధమని తేలినట్టే, ఇప్పుడు నేనూరుకుంటే ఇదీ అబద్ధమే అనుకున్నారు. వరసలో గుసగుసలు ఎక్కువయ్యాయి. నాకాదారు చీరను మెల్లగా మడిచి బల్లకు అటువైపు పెట్టుకున్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు ఆ పెద్దావిడ వరస తోసుకుని ముందుకొచ్చింది.

"ఏందయ్యా నీ గోల? పిల్ల సిగ్గుతో చచ్చిపోతుంటే కనపడట్లా? పెళ్ళికూతురు కాకపోతే ఆ సిగ్గేంది? నీకేం కావాలి, పసుపా?" అంటూ గుడ్డమూట విప్పింది. ఏట్లో తడిసిన కొంగుకు బొటనవేలు రాసి, పసుపులో అద్ది, బల్ల మీదకు వంగి, నా తెల్లచీర కొంగు చివర గట్టిగా నొక్కింది. "ఇదిగో, పెట్టా. ఇంటిదయిందా?"

వరసంతా ఘొల్లుమంది. నాకాదారు కూడా నవ్వేశాడు. భారం దిగినట్టు చీర ఇవతలికి నెట్టి, "అయింది తల్లీ, అయింది. పొండి" అన్నాడు.

ఆ పెద్దావిడ, మిగిలిన పసుపుతో బొటనవేలు నా చెంప మీదకు తెచ్చింది. నేను ముఖం తిప్పుకున్నాను. ఆలోచించి చేసింది కాదు. చిన్నప్పట్నించీ అలవాటైన మెడ అది, దానంతటదే తిరిగింది. ఆమె చెయ్యి గాల్లో ఆగింది. "మర్చేపోయా, మీకు లేదు గదూ" అని, ఆ వేలు తన మెడలోని సూత్రాలకు తుడుచుకుంది. ఏమీ అనుకున్నట్టు లేదు. "చల్లగా ఉండు" అని తన వరసలోకి వెళ్ళిపోయింది.

నాన్న నాకాదారు వైపు తిరిగి, "అయ్యా, ఆ గుర్తు మాది కాదు..." అని మొదలుపెట్టాడు. పెళ్ళయిన్నాటినుంచీ నాన్న మాటకు అడ్డురాని అమ్మ, ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని, "ఇక చాలు. పదండి" అని లాక్కొచ్చింది.

రేవుకు ఎగువన, జనం లేని చోట, అమ్మ ఆ కొంగు నీళ్ళలో ముంచింది. పసుపు పోలేదు. మూటలోంచి బట్టల సబ్బు తీసి రుద్దింది. వంటింట్లో అన్నేళ్ళు పసుపుతో మెలిగిన మనిషి, కూర మరకకు సబ్బు తగిలితే ఏమవుతుందో తెలియక కాదు. తొందరలో తోచలేదు. పసుపు మరక ఒక్కసారిగా ఎర్రబడింది. నెత్తురులా అయిపోయింది. అమ్మ రుద్దేకొద్దీ పాకింది. అమ్మ సబ్బు నేలకేసి కొట్టి, ఆ తడికొంగు ముఖానికి పెట్టుకుని ఏడ్చింది. నాన్న కాస్త దూరంలో మాకు వీపు తిప్పి, నీళ్ళవైపు చూస్తూ నిలబడ్డాడు. ఎండలో ఆరేసరికి ఆ ఎరుపు కాస్త తగ్గి ఇటుక రంగుకు తిరిగింది గానీ, బొటనవేలంత మరక అరచేయంత అయింది.

మర్నాడు నాకు చీర కట్టేటప్పుడు మా అత్తగారు వచ్చింది. మంచి మనిషి. మాట మాత్రం మొహమాటం లేకుండా అడిగేది. కొంగు సర్దుతూ, "ఇదేంది? ఈ నెత్తురు మరకేంది చీరకు?" అంది.

అమ్మ, "నెత్తురు కాదు వదినా, పసుపు" అంది.

"పసుపా? మనకు పసుపేంది?"

నెత్తురనుకుంటే ఒక సిగ్గు, పసుపంటే ఇంకో సిగ్గు. ఆ గదిలో ఉన్న ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నేను ఆ కొంగును నడుం దగ్గర ఎంత లోపలికి దోపగలనో అంత లోపలికి దోపుకుని గుడికి నడిచాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. గుళ్ళో పాస్టరు అయ్యగారు వాక్యం చదివి, పెళ్ళికి అభ్యంతరమున్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పమని ఆనవాయితీగా అడిగారు. ఆ మాటకు ఎవరూ లేవరు. మా నాన్న లేచాడు.

"అభ్యంతరం కాదయ్యగారూ. ఒక సంగతి చెప్పకుండా నా బిడ్డను అప్పగించలేను. చీర మీద పసుపు మరకుంది. మేం పెట్టింది కాదు. నిన్న రేవులో చీర ఆపేస్తే ఒక తల్లి జాలిపడి పెట్టింది. ఆ గుర్తు చూసి చీరను వదిలారు. నేను వద్దని గట్టిగా అనలేకపోయాను. ఈ గుళ్ళో తెల్లగా నిలబడిందనుకుంటారేమో, అందుకు చెప్తున్నా."

ముసుగులో నా ముఖం మండిపోయింది. నేల చీలితే బాగుండుననిపించింది. అంతవరకూ ఆ మరక సంగతి నలుగురైదుగురు ఆడవాళ్ళకే తెలుసు. ఇప్పుడు సంఘమంతటికీ తెలిసింది. చూద్దామని మగవాళ్ళు కూడా మెడలు చాచారు. మా వైపు చుట్టాల్లో చానామంది మాత్రం తలలు దించుకున్నారు. వాళ్ళు తొడుక్కొచ్చిన చెప్పులు రేవులో రాయి మీద రాచినవే. కానుకగా తెచ్చిన బిందెకు మసి ఇంకా పూర్తిగా వదల్లేదు. ఆ రోజు వాళ్ళ సిగ్గు కూడా నా సిగ్గులో కలిసింది.

అయ్యగారు గొంతు సవరించుకుని, "పంతులుగారూ, మనం చీరకు పెళ్ళి చెయ్యడానికి రాలేదు గదా. పిల్లకు చేద్దాం. కూచోండి" అన్నారు. అక్కడక్కడ నవ్వులు వినపడ్డాయి. పెళ్ళికొడుకు మాత్రం నవ్వలేదు. అంతవరకూ నాకు కుడివైపున్న మనిషి, పాట మొదలయ్యేలోగా ఒక్కడుగు ముందుకు జరిగి, జనానికీ ఆ కొంగుకూ మధ్య నిలబడ్డారు. ఆ అడుగు కోసం దేవునికి నేను చెప్పుకున్న స్తోత్రాలకు లెక్కలేదు.

ఆ ఏడు క్రిస్మస్‌కు పుట్టింటికి వెళ్ళాను. మా సంఘం ఆడవాళ్ళు పెళ్ళికి రాలేకపోయారు గనక, ఆ తెల్లచీరే కట్టుకుని రమ్మని కబురు పెట్టారు. కట్టుకున్నాను, మరక దోపుకుని. తర్వాత చాకలికి వేస్తే, గంజి పెట్టి ఇస్త్రీ చేసి, కొట్లోంచి తెచ్చినట్టు మడత పెట్టి ఇచ్చాడు. మరక మాత్రం పోలేదు. లోపలి మడతలో ఉండిపోయింది.

తిరుగు ప్రయాణంలో నన్ను దింపడానికి నాన్న వచ్చాడు. పడవలో నేను ఆ పెద్దావిడ కోసం వెతికాను. ప్రతిసారీ వెతికేదాన్ని. కనపడితే ఏం చెప్పాలో మనసులో అనుకుని ఉంచుకున్నాను. ఎప్పుడూ కనపడలేదు.

పాకలో పాత నాకాదారు లేడు. కుర్రాడొకడు కొత్తగా వచ్చాడు. రేవులో ఆ పొద్దున వచ్చిన వార్త, సుంకాలన్నీ త్వరలోనే ఎత్తేస్తారని, అందుకే ఇప్పుడు మరీ పట్టి చూస్తున్నారని. కుర్రాడు నా మూట విప్పించాడు. గంజి పెళపెళలాడే తెల్లపట్టు.

"కొత్తదా?"

నాన్న నోరు తెరిచాడు. ఏం చెప్పబోతున్నాడో నాకు తెలుసు. మొదటినుంచీ చివరిదాకా అంతా చెప్తాడు. కొన్నదెప్పుడో, కట్టిందెన్నిసార్లో, ఆ మరక ఎట్లా వచ్చిందో, అది తమ గుర్తు కాదనీ. వెనక వరస పెరుగుతోంది. ఎవరో అప్పుడే, "పంతులు!" అన్నారు.

నా చెయ్యి నన్నడక్కుండానే మడతలోకి పోయింది. కొంగు చివర బయటికి లాగి, ఆ ఇటుకరంగు మరక కుర్రాడి ముందు పెట్టాను. "నాదే. ఇదిగో పసుపు" అన్నాను.

గొంతు ఎంత స్పష్టంగా వచ్చిందో! పెళ్ళికి ముందు రోజు రాని గొంతు. కుర్రాడు ఓసారి చూసి, "పొండి" అన్నాడు.

నాన్న తెరిచిన నోరు మూసుకున్నాడు. మూట నా చేతిలోంచి తీసుకుని ముందు నడిచాడు. రేవునుంచి బండి బాట దాకా ఆయన వెనకే నడిచాను. గుళ్ళో నిలబడి, నా ముఖం మండినా సరే, ఏ గుర్తు తనది కాదని చెప్పాడో, అదే గుర్తును ఆయన కళ్ళముందే నాదని చూపించాను. అబద్ధమాడానా అంటే లేదు. చీర నాదే. మరక పసుపే. అందులో ఏ మాటా కాదనడానికి లేదు. అయినా కొత్తబిందెకు మసి పట్టించినవాళ్ళ వరసలో నిలబడ్డట్టే అనిపించింది. ఆ వరస వాళ్ళను చిన్నప్పట్నించీ నేను ఎంత చిన్నచూపు చూశానో కూడా అప్పుడే తెలిసింది.

బండెక్కుతూ నాన్న, "చీర నీదే గదమ్మా" అన్నాడు. నన్ను ఊరడించడానికే అన్నాడు. అదే నాకు ఇంకా భారమైంది.

మా ఇల్లు చేరాక, అలవాటు ప్రకారం క్షేమంగా చేరినందుకు నాన్న ప్రార్థన చేశాడు. మా అత్తగారు, మా ఆయన, నేను మోకరించాం. నాన్న ప్రార్థన ఎప్పుడూ వరసగా నడిచేది. పడవను బట్టి స్తోత్రం, పడవ తోసినవాణ్ణి బట్టి స్తోత్రం, ఎద్దులను బట్టి, బండివాణ్ణి బట్టి, బల్ల దగ్గర కూచున్న కుర్రాణ్ణి బట్టి. అక్కడికొచ్చేసరికి ఆగిపోయాడు. చీర సంగతి ఇప్పుడు దేవుని ముందు, అత్తగారి ముందు చెప్తాడనుకున్నాను.

"ప్రభువా," అన్నాడు. "ఆ రోజు రేవులో అంతమంది నా బిడ్డను చూసి ఏదేదో అనుకుంటుంటే, పెళ్ళికూతురని గుర్తుపట్టిన ఆ తల్లి ఒక్కతే. పేరు నాకు తెలియదు. ఊరు తెలియదు. మేం ఆమెకు ఒక్క మాట కూడా చెప్పి రాలేదు. ఆమె కూతుర్ని, ఆ పసిబిడ్డను చల్లగా చూడు తండ్రీ."

మా ఆయన ఆమేన్ అన్నారు. అత్తగారు ఆమేన్ అంది. అందరూ లేచారు. నేను లేవలేదు. నా చెంప మీదకు వచ్చి గాల్లో ఆగిపోయిన ఆ బొటనవేలు మూసిన కళ్ళ ముందు అలాగే ఉంది. ఆమె కోసం ఆ మాట అనాల్సింది నేను. వాకిట్లో బండి తిప్పుతున్న చప్పుడు వినపడింది. అప్పుడన్నాను ఆమేన్, నాకు మాత్రమే వినపడేట్టు.